మామిడి తొక్కలూ మా అమ్మ ప్రమాణమూ

పాలల్లో నీళ్లు కలిపిందన్న నింద మా అమ్మ మీద పడిన వారంలో నేను బడిలో వ్యవసాయ భూగోళం పాఠం చెబుతున్నాను. ఆ నిందకూ ఈ పాఠానికీ సంబంధం ఉందని నాకు అప్పుడు తెలియలేదు. తెలిసేసరికి మా ఊళ్లో పాడి ఉన్నవాళ్లంతా కాణిపాకం బస్సెక్కి కూర్చున్నారు.

నేను బంగారుపాళ్యం దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. బడికి దగ్గరని ఆ ఏడాది అమ్మవాళ్లింట్లోనే ఉన్నాను. నాకొక అలవాటు. ఏ పాఠమైనా మా ఇంటిమీదుగా తిప్పి చెబితే తప్ప నాకు తృప్తి ఉండదు. పుస్తకంలో జీవనాధార వ్యవసాయం, వాణిజ్య వ్యవసాయం అని రెండు పెద్ద మాటలుంటాయి. పిల్లలు వాటిని బట్టీ పట్టి, పరీక్షలో ఒకదాని కింద ఇంకోదాని జవాబు రాసి వస్తారు. అందుకని నేనిలా చెప్పాను: "మొదటిది మా తాత. రాగులు, చెనక్కాయలు, పెరట్లో చిక్కుడు. పండించింది తిన్నాడు, తినేదే పండించాడు. రెండోది మా నాయన. పండించింది తినడు, తినేది పండించడు." క్లాసంతా నవ్వింది. ఆ మాట సాయంత్రానికల్లా మా నాయన చెవిన పడింది. రాత్రి అన్నం దగ్గర ఆయన నాతో కాకుండా గోడతో మాట్లాడాడు.

కానీ నేను అబద్ధం చెప్పలేదు. మా భూమంతా తోతాపురి మామిడే. అది గుజ్జు ఫ్యాక్టరీ కోసం పుట్టిన కాయ. కాపు మొదలైతే రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరతాయి. ఆ కాయను ఇంట్లో మేము ముట్టుకోం. చుట్టాలొస్తే నాయన అంగడికి మనిషిని పంపి మామిడి జ్యూసు సీసా తెప్పిస్తాడు. చుట్టూ కొమ్మలు విరిగేటట్టు కాయలుంటాయి, మధ్యలో చుట్టం మంచం మీద కూర్చుని సీసా ఎత్తి తాగుతుంటాడు. "ఇది మీ తోట కాయేనా మామా?" అని ఎవరైనా అడిగితే చాలు, నాయన మొహం వెలిగిపోయేది. "అయ్యుండచ్చు" అనేవాడు.

పాల సంగతీ అంతే. అమ్మకు ఒక జెర్సీ ఆవు ఉంది. పూటపూటా పిండిన పాలు ఊళ్లోని పాలకేంద్రానికి పోతాయి, అక్కణ్ణించి చల్లటి ట్యాంకరులో చెన్నైకి. పట్నం చుట్టూ వలయాలు గీసి, పాలు విరిగిపోతాయి కాబట్టి పాడి పట్నానికి ఆనుకుని మొదటి వలయంలో ఉంటుందని పాతకాలపు సిద్ధాంతం ఒకటుంది. చల్లటి ట్యాంకరు వచ్చి ఆ వలయాన్ని పట్టుకుని సాగదీసి సాగదీసి మా అమ్మ కొట్టం దాకా తెచ్చింది. చెన్నైలో ఎవరో పొద్దున్నే తాగే కాఫీకి మా ఆవు బాధ్యత వహిస్తోంది. మరి మా కాఫీకి? అమ్మ అడుగున ఒక చెంబెడు ఉంచుకునేది. అందులో ఇంకో చెంబు నీళ్లు పోస్తే మా కాఫీలు, మా పెరుగు, మా మజ్జిగ అన్నీ అయిపోవాలి. తిరుపతిలో హాస్టల్లో చదువుకునేటప్పుడు కాఫీ నీళ్లలాగా ఉందని పిల్లలంతా ధర్నా చేశారు. నాకు మాత్రం అది అచ్చం ఇంటి కాఫీలాగే ఉండేది. నేనూ వెళ్లి ధర్నాలో కూర్చున్నాను గానీ, ఎందుకు కూర్చున్నానో నాకు అర్థం కాలేదు.

ఆ ఏడాది వానలు ఎగ్గొట్టాయి. పశువుల మేతకు వేరుశనగ కట్టె లేదు, గడ్డి లేదు. ఉన్న కాస్త గడ్డివామిని నాయన కళ్లతో కొలుస్తూ తిరిగేవాడు. అప్పుడాయనకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. గుజ్జు తీశాక మామిడి తొక్కల్ని ఫ్యాక్టరీవాళ్లు వెనకవైపు కుప్ప పోస్తారు. ఎవరైనా తీసుకుపోతే వాళ్లకూ పీడ వదులుతుంది. నాయన ట్రాక్టరు తీసుకెళ్లి ట్రాలీ నిండా తొక్కలు తెచ్చి కొట్టం పక్కన దించాడు. ఆవు ఒక్కసారి మూతి పెట్టింది, అంతే, ఇక తల ఎత్తలేదు. అంతవరకూ నాయన్ని లెక్కచేయని ఆవు, ఆ రోజు నుంచి ఆయన అడుగుల చప్పుడు వింటే చాలు, అంబా అని పిలిచేది. ఆయన చూపిన దారినే ఊరంతా పోయి ట్రాలీలకు ట్రాలీలు తెచ్చుకున్నారు. ఊరు ఊరంతా పుల్లటి వాసన. బట్టలకు, జుట్టుకు, ఆఖరికి నా జాగ్రఫీ పుస్తకానికి కూడా పట్టింది.

నేను మాత్రం ఉప్పొంగిపోయాను. మరునాడే బోర్డు మీద పెద్ద బొమ్మ గీశాను. తోట నుంచి ఫ్యాక్టరీకి ఒక బాణం, ఫ్యాక్టరీ నుంచి ఆవుకు ఒక బాణం, ఆవు నుంచి ట్యాంకరుకు ఒక బాణం. "చూశారా, మా తోట కాయ చెన్నైకి రెండుసార్లు పోతుంది. ఒకసారి సీసాలో, ఇంకోసారి పాల ప్యాకెట్టులో" అన్నాను. ఆహార ఉత్పత్తిలో ఏదీ వృథా కాదు అని కింద రాసి గీత కూడా గీశాను.

సరిగ్గా అప్పుడే పాలకేంద్రంలో అమ్మ పాల ఫ్యాటు పడిపోవడం మొదలైంది.

ఫ్యాటు అంటే ఏమిటో ఊరి బయటివాళ్లకు చెప్పాలి. పాలు పోయగానే కేంద్రంలో ఒక మిషను ఆ పాలల్లో వెన్న ఎంత ఉందో అంకె చూపిస్తుంది. ఆ అంకె అందరికీ కనబడుతుంది. మా ఊళ్లో ఎవరి మెడలో ఎన్ని గొలుసులున్నా, ఆడవాళ్ల మర్యాద ఆ అంకెలో ఉంటుంది. మా అమ్మ మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు గానీ ఊళ్లో పెద్ద ఫ్యాటు ఆమెదే. వీధిలో నడిచేటప్పుడు ఆమె నడకలోనే అది తెలిసేది.

కేంద్రం నడిపేవాడు అమ్మకు తమ్ముడి వరస. బట్టతల, మెత్తటి మనిషి. ఎవరి మనసూ నొప్పించకూడదన్నది ఆయన జీవిత లక్ష్యం. అంకెలు పడిపోవడం మొదలయ్యాక, ఎవరికీ చిన్నతనం కాకూడదని మిషను మొహం తనవైపు తిప్పి పెట్టుకున్నాడు. నీళ్లు కలిపితే పట్టుకునే గాజు గొట్టం ఒకటి కేంద్రంలో ఉండేది గానీ అది ఎప్పుడో పగిలిపోయింది. ఇప్పుడు మిషను వెన్న తగ్గిందని మాత్రం చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. ఒక సాయంత్రం ఆయన అందరూ వెళ్లేదాకా అమ్మను ఆపాడు. నేను క్యాను పట్టుకుని పక్కనే ఉన్నాను.

"అక్కా, నేనెవురికీ సెప్పను. నీ నా మధ్యనే. ఈమధ్య ఫ్యాటు దిగిపోతా ఉండాది. పొరబాటున నీళ్లేమన్నా..." అన్నాడు, వాక్యం పూర్తి చేసే ధైర్యం లేక.

అమ్మ నా చేతిలో క్యాను లాక్కుని ఇంటికి వచ్చేసింది. వచ్చి ఆ క్యానును పీచుతో ఎంత గట్టిగా తోమిందంటే దాని సొట్టలు కూడా పోతాయేమో అనుకున్నాను. తోమి తోమి ఆగి, "నేను కాణిపాకం పోయి ప్రమాణం సేస్తా" అంది.

మా జిల్లాలో ఈ మాట రోజుకు వందసార్లు వినబడుతుంది. చీటీల తగాదాలో, మొగుడూ పెళ్లాల పోట్లాటలో, పంచాయితీ ఎన్నికల్లో, ఎవరు ఎవర్ని నమ్మకపోయినా "కాణిపాకంలో ప్రమాణం సేస్తావా?" అంటారు. అక్కడి వినాయకుడి ముందు తలకు పోసుకుని, తడిబట్టలతో నిలబడి అబద్ధం చెప్పినవాడు బాగుపడడని నమ్మకం. అందుకే అనేవాళ్లు ఎక్కువ, వెళ్లేవాళ్లు తక్కువ. అమ్మ మాత్రం వెళ్లే మనిషి. ఆ సంగతి నాయనకు తెలుసు. ఆయన మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు.

"ప్రమాణమంటే ఆటలు గాదు మే. మాట సూసుకొని సెప్పాల. ఏమని సెప్తావు?"

"నేను పాలల్లో నీళ్లు కలపలేదని సెప్తా."

"ఇంటి పాలల్లో?"

అమ్మ క్యాను కింద పెట్టింది. "అది కాపీకి గదా" అంది.

"సామికి యాడ తెలుస్తాది, ఇవి కాపీ పాలు, ఇవి కేంద్రం పాలు అని? నీళ్లు నీళ్లే."

అక్కణ్ణించి మా ఇంట్లో ప్రమాణం ముసాయిదా మొదలైంది. టీచర్ని కాబట్టి వాక్యం దిద్దే పని నా మీద పడింది. "కేంద్రానికి పోసే పాలల్లో" అని చేర్చాం. అప్పుడు క్యాను కడిగిన నీళ్లు గుర్తొచ్చాయి. కడిగాక రెండు చుక్కలైనా అడుగున ఉంటాయి కదా. అమ్మ క్యాను ఎండలో బోర్లించి, పాత చీర ముక్కతో లోపలంతా తుడవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పాలు పిండే ముందు పొదుగు కడిగే నీళ్లు. పొదుగును తువ్వాలుతో అద్దడం మొదలుపెట్టేసరికి ఆవుకు అనుమానం వచ్చి తన్నింది. "ఆవు కూడా నీళ్లు తాగుతుంది కదమ్మా, అవి మాత్రం ఎక్కడికి పోతాయి?" అన్నాను నేను, వాతావరణం తేలికపరుద్దామని. ఇద్దరూ నా వైపు తిరిగి ఒక్కసారే తిట్టారు. అమ్మ నిద్ర మానేసిందని అప్పుడే గమనించాను. ఆమె పెదాలు ఎప్పుడూ కదులుతూ ఉండేవి. ప్రమాణం బట్టీ పడుతోంది.

కేంద్రం ఆయన కూడా వచ్చి చెవులారా వినాలని అమ్మ షరతు పెట్టింది. ఆయన ఎప్పటిలాగే తల ఊపి, "ఆదివారం పొద్దున పాలు పట్టుకున్నాక బండేసుకొని వస్తాలే అక్కా" అన్నాడు. ఎవరికీ తెలియకూడదని ఒట్టేయించుకుంది. నాయన ఆవు దగ్గర ఉండిపోయాడు. అమ్మ, నేను పొద్దున్నే ఆవుకు తొక్కలు వేసి చిత్తూరు బస్సెక్కాం.

బస్సులో పక్కింటి పెద్దమ్మ ఉంది.

"యాడికి మే?" అంది పెద్దమ్మ.

"కంటి డాక్టరు కాడికి. నువ్వు?"

"గుడ్డలు తీసుకోను."

వెనక సీట్లో పడమటింటి మామ ఉన్నాడు. బ్యాంకు పని ఉందన్నాడు. ఆదివారం బ్యాంకు ఉండదని ఎవరూ అనలేదు. ఆదివారం కంటి డాక్టరు ఉండడని వాళ్లూ అనలేదు. దారిలో మా ఊరివాళ్లే ఇంకా పదిమంది దాకా అక్కడక్కడా సీట్లలో తలలు కిందికి వంచుకుని కనబడ్డారు. ఒకరినొకరు పలకరించుకుని, ఎక్కువ మాట్లాడకుండా కిటికీల్లోంచి మామిడితోటల్ని ఎప్పుడూ చూడనట్టు చూశారు.

చిత్తూరు బస్టాండులో దిగాం. ఇక్కడే తమాషా మొదలైంది. ఎవరి దారిన వాళ్లు పోవాలి కదా. ఎవరూ పోరు. అమ్మ సోడాబండి పక్కన నిలబడి పెద్దమ్మ వెళ్లేదాకా ఆగుదామంది. పెద్దమ్మ పూలు బేరం చేస్తూ మేము కదిలేదాకా ఆగింది. మామ గోడ మీద సినిమా పోస్టరును భక్తిగా చదివాడు. కాణిపాకం బస్సు వచ్చి నిలబడింది. అందరూ దానివైపు చూడనట్టు చూస్తున్నారు. డ్రైవరు హారన్ కొట్టి బండి కదిలించేసరికి ఒక్కసారి అందరం పరిగెత్తాం. కంటి జబ్బు మనిషి అందరికన్నా ముందు ఎక్కింది.

లోపల ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. కండక్టరు టికెట్లు కొడుతూ వచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"ఏందప్పా, గుజ్జు ఫ్యాక్టరీ షిఫ్టు దిగి నేరుగా గుడికే పోతా ఉండారా అందురూ?"

నిజమే. బస్సు నిండా ఒకటే వాసన. పెద్దమ్మ చీర, మామ చొక్కా, మా అమ్మ చేతులు, అన్నీ ఒకటే పులుపు. ఆ వాసన పీల్చుకుంటూ కూర్చుంటే నాకు నేను బోర్డు మీద గీసిన బాణం గుర్తుకొచ్చింది. ఫ్యాక్టరీ నుంచి ఆవుకు. ఆ బాణం వెంట పోయేదంతా మంచే అయ్యుండాలని ఎక్కడ రాసి ఉంది? ఆ మాట నా నోటి దాకా వచ్చింది గానీ, ప్రమాణం బట్టీ పడుతున్న మనిషిని మధ్యలో కదిలించడానికి ధైర్యం చాలలేదు.

గుడి ముందు దిగాం. కేంద్రం ఆయన హెల్మెట్టు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బస్సులోంచి మా ఊరు ఊరంతా దిగడం చూసి ఆయన మొహం పాలిపోయింది. పారిపోదామన్నట్టు బండి వైపు చూశాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

"నేనెవురికీ సెప్పలేదక్కా, సత్తెం" అన్నాడు అమ్మతో. పెద్దమ్మ వైపు తిరిగి, "నేనెవురికీ సెప్పలేదత్తా" అన్నాడు. మామతోనూ అదే అన్నాడు. అది నిజమే. ఒక్కొక్కరినీ విడిగా ఆపి, నీ నా మధ్యనే అని చెప్పి, ఒక్కొక్కరికీ విడిగా ఆదివారం వస్తానన్నాడు. ఆయన మంచితనం వల్లే ఊళ్లో ప్రతి ఇల్లూ నింద తన ఒక్కరి మీదే పడిందనుకుని తలుపులు మూసుకుని ఏడ్చింది.

పెద్దమ్మ మెల్లగా అమ్మ వైపు చూసింది. "నీకు కూడానా మే?" అంది.

"నీకు కూడానా?" అంది అమ్మ.

మా అమ్మ మొహంలో అంత ఆనందం నేను ఉద్యోగం తెచ్చుకున్న రోజు కూడా చూడలేదు.

అప్పుడు నేను నోరు విప్పాను. "అందరి పాలూ ఒకేసారి పలచబడితే అందరూ ఒకేసారి దొంగలు కారు కదా. అందరి ఆవులూ ఒకటే తింటున్నాయి" అన్నాను. అందరూ తమ చేతులు తామే వాసన చూసుకున్నారు. నేను పశువుల డాక్టరుకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేట్టు పెట్టాను. ఆయన నవ్వాడు. "ఉత్త తొక్కలే పెడితే ఫ్యాటు పడకుండా ఏం చేస్తుందమ్మా? ఆవుకు పీచు కావాలి. తొక్కలు తగ్గించి ఎండుమేత కలపండి, కొన్నాళ్లకు లేస్తుంది" అన్నాడు.

"ఆ తొక్కల దారి సూపించినోడు ఎవురు?" అన్నాడు మామ. అందరూ మా వైపు తిరిగారు. అమ్మ ఏమాత్రం తడుముకోకుండా, "ఇంకెవురు, దీని నాయనే" అని నన్ను చూపించింది. ఆమె పేరు నిలబడింది. మా నాయన పేరు మాత్రం ఆయన లేకుండానే, ఆవు దగ్గర తొక్కలు వేస్తూ ఉండగానే, పోయింది.

కేంద్రం ఆయన అందరికీ దండం పెట్టాడు. "ఇంక ప్రమాణాలేం వద్దు, అందురూ రాండి, టిఫిను తిందాం" అన్నాడు. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని హోటల్ వైపు నడిచారు. వాళ్లలోనూ మా అమ్మలాగా క్యాను తుడిచినవాళ్లు ఎంతమందో నాకు తెలియదు. అమ్మ మాత్రం కదల్లేదు.

"అంత దూరం నించి వచ్చినా. సెప్పే పోతా" అంది.

తలకు పోసుకుని, తడిబట్టలతో స్వామి ముందు నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. మేము వారమంతా దిద్దిన వాక్యం ఒక్క ముక్క కూడా ఆమెకు గుర్తు రాలేదు. చేతులు జోడించుకుని, పక్కవాళ్లకు వినబడేంత గట్టిగా అంది.

"సామీ, ఊరోళ్లకు పోసిన పాలల్లో నేను సుక్క నీళ్లు కలపలేదు. నా బిడ్డకు పోసిన పాలల్లో కలిపినా. సిన్నప్పట్నించీ కలిపినా. దానికేమంటావో నువ్వే సెప్పు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ కాఫీ గురించి నేను స్నేహితులకు ఎన్ని కబుర్లు చెప్పి నవ్వించానో. నీళ్లు పోసిన ప్రతిసారీ ఆమె మనసులో ఇంత ఉందని నాకు తెలియదు. వెనకున్న ఎవరో కదలమంటే కదిలాం. దేవుడు మాత్రం ఏమీ అనలేదు.

నాయన సంగతి ఊరికి రాగానే తేలింది. ఆయన తగ్గలేదు. "ఫ్యాటు పోతే పోయిందిలే, ఆవు ఎంత సంతోషంగా ఉండాదో సూడండి" అని వాదించాడు. ఆ తర్వాత ఎక్కడినుంచో వేరుశనగ కట్టె తెచ్చి తొక్కల్లో కలపడం మొదలుపెట్టాడు. ఆవు ఆయన్ని మళ్లీ పట్టించుకోవడం మానేసింది. ఫ్యాటు కొన్నాళ్లకు లేచింది, అమ్మ నడకా లేచింది. నేను బోర్డు మీద బాణాల పక్కన ఎండుగడ్డికి ఇంకో బాణం గీశాను.

కానీ నాకు గుర్తుండేది ఆ ఆదివారం సాయంత్రమే. అమ్మ పాలు పిండుకుని వచ్చింది. కేంద్రానికి పోయే ముందు, క్యాను మూత పెట్టక ముందే, నాకని ఒక గ్లాసెడు తీసింది. నీళ్ల బిందె వైపు చూడను కూడా చూడలేదు. ఆ పాలతోనే కాఫీ కలిపి, పొగలు కక్కుతుంటే తెచ్చి నా చేతికిచ్చి, తాగేదాకా వెళ్లనన్నట్టు ఎదురుగా నిలబడింది.

ఒక గుక్క తాగాను. ఫ్యాటు తగ్గిన పాలే అయినా నా నాలుకకు అది పాయసంలా తగిలింది. ఇంకో గుక్క ప్రయత్నించాను. దిగలేదు.

"చిక్కగా ఉందమ్మా. కొంచెం నీళ్లు పొయ్యి" అన్నాను.

అమ్మ క్యాను ఎత్తి చంకన పెట్టుకుంది.

"ఇప్పుడే గదా సామి కాడ సెప్పుకొని వచ్చినా. నేను పొయ్యను" అంది. "కావాలంటే నువ్వే పోసుకో."